లింక్ నొక్కితే పైసలెవరికి?

చిన్నికి, బబ్లుకి తాత దీవించి రాస్తున్నది.

మొన్న ఫోన్‌లో చిన్ని ఒక మాట అడిగింది. "తాతా, చిన్నమ్మ వీడియో కింద మిక్సీ లింక్ పెట్టింది కదా, పోయినేడు కంటే ఈసారి ఎక్కువ మంది నొక్కారంట, పైసలేమో సగం కూడా రాలేదంట, అట్లెట్లా?" బబ్లుగాడు వెనక నుంచి "కంపెనీవాళ్లు కొట్టేసి ఉంటారు" అని అరిచాడు. అంత తొందర వద్దురా. ఇది ఫోన్‌లో తేలేది కాదని ఇట్లా టైప్ చేస్తున్నా, స్పెల్లింగులు చూడకండి.

దీన్ని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. అమెజాన్ 1996లోనే మొదలుపెట్టింది, అప్పటికి వాళ్లు అమ్మేది పుస్తకాలే. పేరు చూసి భయపడకండి, మా పెబ్బేరు పశువుల సంతలో దళారి చేసే పనే ఇది. దళారికి సొంతంగా ఎడ్లుండవు, కొట్టముండదు. అమ్మే రైతునీ కొనే రైతునీ కలుపుతాడు, బేరం కుదిరితే దలాలి తీసుకుంటాడు, కుదరకపోతే టీ పైసలు కూడా తనవే. చిన్నమ్మకి మిక్సీల దుకాణం లేదు కదా, అట్లాగే. ఊరికే నొక్కినందుకు ఏమీ రాదు, నొక్కినోళ్లు కొంటేనే కమిషన్.

చిన్నప్పుడు మా నాయన వెంట సంతకు పోతే నాకు ఎడ్ల కంటే దళారి తువ్వాల మీదే కన్ను. బేరం నోటితో చేసేవాళ్లు కాదు, చేతుల మీద తువ్వాల కప్పి కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకునేవాళ్లు, పక్కోడికి తెలియొద్దని. నేనేమో తువ్వాల కదలడం చూసి ధర కనిపెట్టాలని అక్కడక్కడే తిరుగుతుంటే మా నాయన మిర్చీలు కొనిచ్చి పక్కకు పొమ్మనేవాడు. 1972 కరువప్పుడు ఆ సంత చూడాల్సింది మీరు. వానల్లేవు, సొప్ప అయిపోయింది, ఎడ్లను సాకలేక అమ్ముకుందామని తోలుకొచ్చినోళ్లే ఎటు చూసినా. చూసేటోళ్లు కూడా మస్తు మంది. పండ్లు చూసుడు, సుడులు చూసుడు, నాలుగడుగులు నడిపించి చూసుడు, ధర అడిగి "వచ్చే వారం చూద్దాంలే" అని పోవుడు. కొనేటోడేడి? పైగా పొలం పనుల్లేక తువ్వాల ఉన్న ప్రతోడూ దళారి అయి కూర్చున్నాడు.

చిన్నమ్మ లింక్‌దీ అదే కథ. చేతిలో డబ్బులు ఆడనప్పుడు జనం కొనడం తగ్గిస్తారు, వెతకడం పెంచుతారు. నాలుగు వీడియోలు చూస్తారు, రేట్లు పోలుస్తారు, ఆఖర్లో కూపన్ దొరుకుతుందేమో అని ఇంకో సైటుకు పోతారు, ఆ కూపన్ సైటు పెట్టేది కూడా ఇట్లాంటి లింకే! చాలా షాపులు ఎవరి లింక్ ఆఖరున నొక్కారో వాళ్లకే కమిషన్ రాస్తాయి. పొద్దంతా ఎడ్లను తిప్పి చూపించింది ఒక దళారి, చివర్లో వచ్చి తువ్వాల కింద చెయ్యి పెట్టింది ఇంకోడు. అమెజాన్‌లో అయితే నొక్కిన 24 గంటల్లో కొనాలి, కనీసం కార్ట్‌లో అయినా వేయాలి. జీతం పడ్డాక చూద్దాంలే అనుకొని పది రోజులకు తనంతట వచ్చి కొన్నోడి మీద లింక్ పెట్టినోళ్లకు వచ్చేది సున్నా. సరుకు వాపస్ చేస్తే రాసిన కమిషన్ కూడా రద్దు చేస్తారు.

ఇంకో తమాషా ఉంది. కష్టకాలంలోనే షాపులకు దళారులు ఎక్కువ ముద్దొస్తారు, ఎందుకంటే టీవీ యాడ్‌కి ముందే డబ్బు కట్టాలి, సరుకు పోయినా పోకపోయినా. వీళ్లకు అమ్ముడుపోయాక ఇస్తే చాలు. కానీ దలాలి ఎంతో రాసేది కూడా షాపువాడే కదా. 2020 ఏప్రిల్‌లో, కరోనాకి జనం ఇళ్లలో కూర్చొని ఆన్‌లైన్‌లో ఎగబడి కొంటున్న రోజుల్లో, అమెరికాలో అమెజాన్ ఫర్నిచర్ మీద 8 శాతం కమిషన్‌ని 3 చేసింది, కిరాణా మీద 5 ఉన్నదాన్ని 1 చేసింది. 100 డాలర్ల బల్ల అమ్మిస్తే 8 డాలర్లు వచ్చేచోట 3. మన దగ్గర మార్చి 25 నుంచి లాక్‌డౌన్, కొన్ని వారాలు అత్యవసర సరుకులు తప్ప ఏవీ పంపనివ్వలేదు, ఫోన్ల లింకులు, బట్టల లింకులు పెట్టుకున్నోళ్లకు బేరమే లేదు.

అంతకుముందు 2008 మాంద్యంలో అమెరికాలో ఇంకో రకం దెబ్బ. మా రాష్ట్రంలో ఉన్న మనిషి లింక్ పెట్టి గిరాకీ తెస్తే ఆ షాపు మా రాష్ట్రంలో ఉన్నట్టే, అమ్మకం పన్ను వసూలు చేసి కట్టాల్సిందే అని న్యూయార్క్ 2008లో చట్టం చేసింది. ఖజానాలు ఖాళీ అయ్యేసరికి 2009లో నార్త్ కరోలినా, రోడ్ ఐలండ్ కూడా అదే దారి పట్టాయి. అమెజాన్ ఏం చేసింది? ఆ రెండు రాష్ట్రాల్లో లింకులు పెట్టేవాళ్లనే వద్దని తీసేసింది. ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగాయి.

బబ్లూ, నీ అనుమానం పూర్తిగా కొట్టిపారేయను. సంతలో తువ్వాల కింద ఎంతకు తెగిందో దళారికి తెలుసు, వేళ్లు పట్టుకున్నది వాడే. ఇక్కడ ఎంత అమ్ముడుపోయిందో లెక్క చెప్పేది షాపు కంప్యూటర్, దళారి నమ్మాలంతే. అందుకే ఒక్క షాపు మీదే బతుకు పెట్టుకోకని చిన్నమ్మకు కూడా చెప్పా, వింటుందో లేదో.

మా నాయన ఎప్పుడు పోయినా ఒకే దళారి దగ్గరికి పోయేవాడు. ఎద్దు కుంటితే కుంటిదని, కన్ను మసకైతే మసకని ముందే చెప్పేవాడు ఆయన, దలాలి పోతే పోనీ అని. ఇప్పుడు కొంచెం రూల్ కూడా ఉంది. డబ్బుగానీ గిఫ్టుగానీ తీసుకొని సరుకు గురించి చెప్తే ఆ సంగతి అందరికీ కనిపించేలా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. చిన్నమ్మ "దీనిమీద నాకు కమిషన్ వస్తుంది" అంటుంది చూడు, అదే.

ఇక చదివింది చాలు, ఒక పని చేయండి. ఏదైనా వీడియో కింద అమెజాన్ లింక్ తెరవండి, కొనొద్దు, పైన వచ్చే అడ్రస్ మొత్తం కాపీ చేసి నోట్స్‌లో పెట్టండి. పొడుగ్గా చెత్త అక్షరాల్లా ఉంటుంది. వెతికితే అందులో ఇంగ్లీషులో ట్యాగ్ అని, ఈక్వల్ గుర్తు, దాని పక్కన ఒక పేరు దొరుకుతుంది, ఆ పేరే దళారి. మన దేశంలో తీసుకున్నదైతే పేరు చివర 21 ఉంటుంది, అమెరికాదైతే 20. అట్లా ఓ పది లింకులు చూసి, అందులో ఎంతమంది కమిషన్ సంగతి నోరు తెరిచి చెప్పారో, ఎంతమంది చెప్పలేదో నాకు వాట్సాప్‌లో పెట్టండి. బబ్లూ, లెక్క నువ్వు రాయి, చిన్ని చెక్ చేస్తుంది.