చార్లెస్ పాంజీ మోసం: ఒక ఆడిటరు చూపులో అపోహలు - వాస్తవాలు

లెక్కల తనిఖీ నా వృత్తి. అధిక వడ్డీ ఆశ చూపిన కంపెనీ బోర్డు తిప్పేసిన తర్వాత, రసీదులూ ప్రామిసరీ నోట్లూ సంచిలో పెట్టుకొని నా దగ్గరకు వచ్చే డిపాజిటర్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "మొదట్లో తేదీ తప్పకుండా ఇచ్చారండీ, తర్వాతే ఏదో తేడా వచ్చింది." నిజానికి ఆ తేడా మొదటి రోజు నుంచే ఉంటుంది. దానిని అంకెలతో చూపడానికి, 1920లో బోస్టన్ నగరంలో చార్లెస్ పాంజీ నడిపిన వ్యవహారాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

అపోహ: పత్రికలు గోల చేయకపోతే పాంజీ అందరికీ చెల్లించి ఉండేవాడు.

వాస్తవం: అతను 1919 డిసెంబరులో 150 డాలర్ల పెట్టుబడితో మొదలుపెట్టాడు. విదేశాల్లో పోస్టల్ కూపన్లు చవగ్గా కొని లాభానికి అమ్ముతున్నానని చెప్పుకునేవాడు. ఎవరైనా 100 డాలర్లు ఇస్తే, 90 రోజుల్లో 150 డాలర్లు చెల్లిస్తానని నోటు రాసిచ్చేవాడు. ఆచరణలో, కొత్తగా వచ్చినవారి డబ్బుతోనే పాతవారికి 45 రోజులకే ఇచ్చి నమ్మకం పెంచుకున్నాడు. ఏజెంట్లకు పది శాతం కమీషన్. అంటే ఒక మనిషి వచ్చి వంద డాలర్లు బల్ల మీద పెట్టిన క్షణాన పది ఏజెంటుకు పోతుంది, తొంభై చేతిలో మిగులుతుంది, నూట యాభై బాకీగా పడుతుంది. ఆ ఒక్క నోటు మీదే లోటు 60 డాలర్లు. అటువంటివారు వెయ్యి మంది వస్తే లోటు 60 వేలు. ఎనిమిది నెలల్లో అతను 95.82 లక్షల డాలర్లు తీసుకొని 143.74 లక్షల డాలర్లకు నోట్లు రాశాడు. ఈ అంకెలు 1924లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉన్నాయి. అతను మొదటి నుంచీ దివాలా స్థితిలోనే ఉన్నాడనీ, వ్యాపారం ఎంత పెరిగితే అంతగా రోజురోజుకీ ఇంకా మునిగిపోయాడనీ, ఎక్కడా ఏ పెట్టుబడీ పెట్టలేదనీ అందులో ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్ రాశారు. సకాలంలో చెల్లింపు జరగడాన్ని లాభానికి రుజువుగా భావించే ప్రతి ఒక్కరూ ఈ భాగాన్ని ఒకసారి చదవాలని నా కోరిక.

అపోహ: పోస్టల్ కూపన్ల వ్యాపారం మొత్తం కట్టుకథ.

వాస్తవం: కూపన్లు నిజమైనవే, ధరల తేడా కూడా నిజమే. విదేశంలో ఉన్నవారికి ఉత్తరం రాసేవారు, జవాబుకయ్యే తపాలా ఖర్చు తామే భరించడానికి ఆ కూపన్‌ను కవరులో పెట్టి పంపేవారు. అందుకున్నవారు తమ ఊరి పోస్టాఫీసులో దానిని ఇచ్చి స్టాంపులు తీసుకునేవారు. 1919లో స్పెయిన్ నుంచి వచ్చిన ఉత్తరంలో పాంజీకి అలాంటి కూపన్ కనిపించింది. యుద్ధం తర్వాత ఇటలీ లీరా విలువ పడిపోవడంతో, బోస్టన్‌లో డాలరుకు 20 కూపన్లు వస్తే రోమ్‌లో 66 వచ్చేవి. కాగితం మీద ఇది మంచి లాభమే. అయితే కూపనుకు చేతికి వచ్చేది స్టాంపులే తప్ప నగదు కాదు, ఒక్కొక్కటి ఐదు సెంట్ల సరుకు. పాంజీ తీసుకున్న సొమ్ముకు సరిపడా వ్యాపారం జరగాలంటే 16 కోట్ల కూపన్లు చెలామణిలో ఉండాలని, ఉన్నవి సుమారు 27 వేలేనని ఆర్థిక విశ్లేషకుడు క్లారెన్స్ బారన్ ఎత్తిచూపాడు. వ్యాపారం ఉందా లేదా అని అడిగి ఊరుకోకుండా, వచ్చిన డబ్బంతటికీ సరిపోయేంత సరుకు ఉందా అని కూడా అడగాలి. మా వృత్తిలో దీనినే మొదట అడుగుతాం.

ఇక్కడ మరొక్క విషయం చెప్పాలి. పాంజీ దగ్గర ఖాతా పుస్తకాలే లేవు. డబ్బు ఇచ్చినవారి పేర్లు రాసిన కార్డులు మాత్రమే ఉన్నాయి. కొనుగోలు లెక్క లేదు, నిల్వ లెక్క లేదు. ప్రభుత్వం తరఫున తనిఖీ చేసిన ఎడ్విన్ ప్రైడ్ చివరకు 70 లక్షల డాలర్ల బాకీ తేల్చాడు.

అపోహ: ఈ పద్ధతిని కనిపెట్టింది పాంజీయే.

వాస్తవం: కాదు. అదే బోస్టన్‌లో నలభై ఏళ్ల ముందే సారా హౌ అనే స్త్రీ, నెలకు ఎనిమిది శాతం వడ్డీ అంటూ ఒంటరి మహిళల నుంచి డిపాజిట్లు సేకరించింది. 1899లో బ్రూక్లిన్‌లో విలియం మిల్లర్ వారానికి పది శాతం ఇస్తానన్నాడు. పాంజీ స్వయంగా మాంట్రియల్‌లో పనిచేసిన జారోసీ బ్యాంకులో కూడా కొత్త డిపాజిట్లతోనే పాతవారికి వడ్డీ చెల్లించేవారు. ఎల్లయ్య టోపీ మల్లయ్యకు పెట్టడం అతను నేర్చుకున్నది అక్కడే.

అపోహ: జైలుకు వెళ్లాక బుద్ధి మారింది.

వాస్తవం: 1925లో బెయిలు మీద ఉండగానే ఫ్లోరిడాలో భూముల పథకం తెరిచి, 60 రోజుల్లో 200 శాతం లాభమని ప్రకటించాడు. 1934లో అమెరికా అతనిని ఇటలీకి పంపించివేసింది. 1949లో రియో డి జనీరోలోని ధర్మాసుపత్రిలో చనిపోయాడు.

అపోహ: ముందుగా మేల్కొని అసలు వెనక్కి తీసుకున్నవారు బయటపడ్డారు.

వాస్తవం: డిపాజిటర్లకు బాగా బాధ కలిగించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1920 ఆగస్టు 2న, పాంజీ తన ప్రచారం కోసం నియమించుకున్న విలియం మెక్‌మాస్టర్సే అతను దివాలా తీశాడని బోస్టన్ పోస్ట్ పత్రికలో రాశాడు. జనం ఆఫీసు మీద పడ్డారు. ఆ తర్వాతి వారం రోజుల్లో, లాభం వద్దు, ఇచ్చిన సొమ్ము ఇస్తే చాలని చాలామంది అసలు మాత్రమే తీసుకెళ్లారు. వారిలో కొందరి మీద దివాలా ఆస్తి ధర్మకర్తలు దావా వేశారు. మోసంతో తీసుకున్న మా డబ్బే మేం వెనక్కి తీసుకున్నాం కదా అని వారు వాదించారు. ఆ వాదనలో న్యాయం ఉందనే మొదట ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయితే పాంజీ బ్యాంకు ఖాతాలో అందరి డబ్బూ కలిసిపోయింది. అందులో ఫలానా డబ్బు తనదని ఎవరూ చూపలేకపోయారు. మోసపోవడంలో అందరూ సమానులైనప్పుడు, ముందు పరుగెత్తినవారికి పూర్తిగా, వెనుకపడినవారికి అరకొరగా దక్కడం చట్టానికి సమ్మతం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వారంలో అసలు తీసుకున్న ఆ ప్రతివాదులు దానిని తిరిగి కట్టి, మిగిలిన అప్పులవాళ్లతో కలిసి తమ వాటా కోసం ఎదురుచూడవలసి వచ్చింది.