పడుకునే బండి, కూర్చునే బండి: చంటిబిడ్డల ప్రామ్ వెనుక కథ

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో పిల్లల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళి ప్రామ్ కావాలని అడిగితే, చాలాసార్లు మన ముందుకు వచ్చేది గొడుగులా మడతపడే ఒక కుర్చీ బండి. అది తేలికగా ఉంటుంది, ఆటోలో పడుతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. అయితే ఆ కుర్చీ పురిటి బిడ్డ కోసం తయారైనది కాదు. ఇంగ్లండులో సుమారు వందేళ్ళ ఎడంతో, రెండు వేర్వేరు అవసరాల కోసం రెండు రకాల బండ్లు రూపుదిద్దుకున్నాయి. వాటిలో ఒకటి బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి తిప్పేది, రెండవది కూర్చోగలిగిన బిడ్డను కూర్చోబెట్టి తీసుకెళ్ళేది. ఆ రెండూ మన ఊళ్ళకు ఒకే పేరుతో, ఒకే వరుసలో వచ్చి నిలబడడం వల్లనే కొనేవారికి ఈ చిక్కు ఎదురవుతోంది.

మన జిల్లాల్లో చంటిబిడ్డకు బండి అవసరం మొన్నమొన్నటి వరకు లేదు. దూలానికి పాత నూలు చీరతో కట్టిన ఉయ్యాల, అమ్మమ్మ ఒడి, కాస్త పెద్దయ్యాక చంక, ఇవే బిడ్డకు పడకలూ వాహనాలూను. సీతంపేట కొండల్లో సవర తల్లులు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంచుకుని నడుస్తారు. పుట్టింట పురుడు పోసుకున్న బాలింత బారసాల దాకా బిడ్డతో గడప దాటకపోవడం వాడుక. ఆ తర్వాత కూడా బిడ్డ మొదట బయటికి వెళ్ళేది సాధారణంగా టీకాల కోసమే. జాతీయ టీకాల పట్టిక ప్రకారం పుట్టినప్పుడు వేసే టీకాల తర్వాత 6, 10, 14 వారాలకు టీకాలు వేయించాలి. అంటే బిడ్డ ఇల్లు కదలవలసి వచ్చే తొలి సందర్భాలన్నీ దాని మెడ ఇంకా నిలబడని కాలంలోనే వస్తాయి. అపార్ట్‌మెంట్లు పెరిగి, ఎత్తుకునే చేతులు ఇంట్లో తగ్గిపోయాయి. అమెరికాలో కూతురి పురుటికి వెళ్ళివచ్చిన పెద్దలు అక్కడి బండ్లను చూసివచ్చారు, కొందరు వెంట తెచ్చారు కూడా. ప్రామ్ మన వీధుల్లోకి వచ్చింది ఇలాగే.

బండి కథ మాత్రం చాలా పాతది. 1733లో విలియం కెంట్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి, తోటల రూపకర్త, మూడవ డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం గవ్వ ఆకారంలో ఒక చిన్న రథాన్ని తయారు చేశాడు. దానిని మేకతో గాని పొట్టి గుర్రంతో గాని లాగించేవారు. అది పిల్లల వినోదానికి చేసిన వస్తువు, బిడ్డ క్షేమం దాని లెక్కలో లేదు. 19వ శతాబ్దం నడుమ నాటికి పశువు పోయి మనిషి చేయి వచ్చింది. 1853లో చార్లెస్ బర్టన్ అనే వ్యక్తి వెనక నుంచి తోసే మూడు చక్రాల బండికి లండన్‌లో పేటెంటు పొందాడు. విక్టోరియా రాణి కూడా తన పిల్లలకు బండ్లు కొనడంతో సంపన్న కుటుంబాల్లో వాటికి గిరాకీ పెరిగింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ తొలి తోపుడు బండ్లలో కూడా బిడ్డ కూర్చునే వెళ్ళేది. పడుకోబెట్టే తొట్టె బండి ఆ శతాబ్దపు చివరి దశకాల్లో గాని స్థిరపడలేదు. 1877లో లీడ్స్ ప్రాంతంలో విలియం విల్సన్ స్థాపించిన సిల్వర్ క్రాస్ వంటి సంస్థలు పెద్ద చక్రాల మీద, స్ప్రింగులు అమర్చి, లోతైన తొట్టెను కూర్చాయి. రాళ్ళు పరిచిన దారుల కుదుపు బిడ్డ దాకా చేరకుండా చేసిన ఏర్పాటు అది. ఆయాలు తోసుకుంటూ పార్కుల్లో తిరిగేందుకు అవి బాగానే పనికివచ్చాయి గాని, మెట్లెక్కించడానికీ రైలెక్కించడానికీ ఆ బరువుతో వీలు కాలేదు.

1889 జూన్‌లో అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన విలియం రిచర్డ్‌సన్ పొందిన పేటెంటు ఒక ముఖ్యమైన మలుపు. తొట్టెను తిప్పి, బిడ్డ ముఖం తోసేవారి వైపుకైనా దారి వైపుకైనా పెట్టుకునే వీలు ఆయన కల్పించాడు. ఈ వీలుకు ఎంత విలువ ఉందో చాలా కాలం తర్వాత 2008లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ జీడిక్ జరిపిన అధ్యయనంలో కనిపించింది. బ్రిటన్ వీధుల్లో బండి తోసే పెద్దవారు, అందులోని బిడ్డ కలిసిన 2,722 జంటలను గమనించిన ఆ పరిశీలనలో, తోసేవారికి ఎదురుగా ముఖం ఉన్న పిల్లలతో పెద్దలు రెట్టింపు ఎక్కువగా మాట్లాడుతున్నట్టు తేలింది. మాటల సంగతి అలా ఉంచినా, పురిటి బిడ్డ ముఖం నిరంతరం కంటి ముందు ఉండడం ఊపిరి విషయంలో కూడా రక్షణ. అందుకే తొలి నెలల బండికి ఈ ఏర్పాటును నేను అలంకారంగా లెక్కించను.

రెండవ రకం బండి విమానాల పని తెలిసిన మనిషి చేతిలో పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన స్పిట్‌ఫైర్ విమానపు చక్రాల అమరికపై పనిచేసిన ఇంజినీరు ఓవెన్ మాక్లారెన్, మనవరాలిని తీసుకుని కూతురు మాస్కో నుంచి వచ్చినప్పుడు, ఆ బరువైన బండితో ప్రయాణంలో ఆమె పడే అవస్థను చూశాడు. విమానపు చక్రాలు ముడుచుకునే పద్ధతినే అల్యూమినియం గొట్టాలకు అన్వయించి, ఒక్క చేత్తో మడవగల కుర్చీ బండిని రూపొందించి, 1965లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. దాని బరువు సుమారు 2.7 కిలోలు, అంటే దాదాపు ఒక పురిటి బిడ్డ బరువు. ఇప్పుడు ప్రపంచమంతటా, మన పట్టణాల్లోనూ అమ్ముడయ్యే చవక కుర్చీ బండ్లకు, అంటే స్ట్రోలర్లకు, అదే మూలం. ఆ అసలు నమూనాలోనే కుర్చీ అంటే రెండు గొట్టాల నడుమ వేలాడే గుడ్డ. వెన్ను నిలిపి కూర్చోగలిగిన పిల్లకు అది చాలు. నెల బిడ్డను అందులో ఉంచితే వీపు వంగి, తల ముందుకు వాలుతుంది.

అలా వాలడమే అసలు ప్రమాదం. పురిటి బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ కండరాలు బలహీనం, శ్వాసనాళం సన్ననిది, మెత్తనిది. గడ్డం రొమ్ముకు ఆనుకుంటే గాలి దారి మూసుకుపోతుంది. తలను తిరిగి ఎత్తుకునే శక్తి బిడ్డకు ఉండదు, ఏడుపు కూడా వినిపించకపోవచ్చు. 1992లో అమెరికా శిశువైద్యుల అకాడమీ పిల్లలను బోర్లా పడుకోబెట్టవద్దని సూచించింది. 1994లో అక్కడ మొదలైన ప్రచారం వెల్లకిలా నిద్రను ఇంటింటి అలవాటుగా మార్చింది, నిద్రలో జరిగే ఆకస్మిక శిశుమరణాలు ఆ తర్వాత బాగా తగ్గాయి. ఆ సంస్థే స్ట్రోలరు, కారు సీటు వంటి కూర్చునే సాధనాలను రోజువారీ నిద్రకు వాడవద్దనీ, ముఖ్యంగా 4 నెలలలోపు పిల్లల విషయంలో జాగ్రత్త పడాలనీ చెబుతోంది. పిల్లల బండ్ల భద్రతకు పెట్టిన ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 1888 పాటించే కుర్చీ బండ్లలో పూర్తిగా వాలనివాటిపై 6 నెలలలోపు పిల్లలకు తగదన్న హెచ్చరిక ఉంటుంది. ఆ వాక్యం అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండి, బొమ్మలో మాత్రం నవ్వే బిడ్డ ఉంటే, కొనేవారు బొమ్మనే చూస్తారు. కనుక మెడ నిలబడని బిడ్డకు కొనేటప్పుడు విడిగా తొట్టె ఉన్నదో, లేదా వెన్ను పలక పూర్తిగా బల్లపరుపుగా వాలేదో మాత్రమే తీసుకోవాలి. పరుపు గట్టిగా ఉండాలి, దిండు పెట్టకూడదు. అటువంటి బండికి డబ్బు చాలకపోతే, మొదటి ఆరు నెలలు ఎత్తుకుని తిప్పి, బిడ్డ కూర్చున్నాక కుర్చీ బండి కొనడం మన ఇళ్ళలో చాలామందికి సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక ఎండ. చలి దేశాల్లో, ముఖ్యంగా ఉత్తర ఐరోపాలో, బిడ్డను ప్రామ్‌లో ఆరుబయట నిద్రపుచ్చడం మంచి అలవాటుగా స్థిరపడింది. లోతైన తొట్టె, మూసుకునే టాపు, మందపాటి లోగుడ్డ ఆ వాతావరణానికి తగినవి. వైశాఖ మాసపు శ్రీకాకుళానికి అవి తగవు. ఎండ, దుమ్ము, దిష్టి తగలకూడదని మనవాళ్ళు టాపు మీద తువ్వాలు గాని చీర కొంగు గాని కప్పుతారు. 2023లో ప్రచురితమైన సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధనలో, పలుచని పొడి గుడ్డ కప్పినా బండి లోపలి వేడి రెండు డిగ్రీలకు పైగా పెరిగింది. అదే గుడ్డను తడిపి, చిన్న ఫ్యాను తగిలిస్తే వేడి తగ్గింది. మన తీరం ఉక్కపోతలో తడి అంత త్వరగా ఆరదు గనుక ఆ లాభం ఇక్కడ తక్కువే ఉంటుంది. పక్కలకు జాలీ ఉండి గాలి ఆడే బండిని ఎంచుకుని, పొద్దున్నే గాని సాయంత్రం చల్లబడ్డాక గాని బయటికి తీసుకువెళ్ళడమే మేలు.

రోడ్డు విషయానికి వస్తే, చిన్న చక్రాలు నున్నని కాలిబాటలకు చేసినవి. కాలువ పలకల సందులు, స్పీడ్ బ్రేకర్లు, గుంతలు ఉన్న వీధుల్లో ముందు చక్రం చిక్కుకుంటే బండి ముందుకు తూలుతుంది. చక్రం పెద్దదై, స్ప్రింగు ఉన్న బండి బరువైనా నడుస్తుంది. ఎత్తు కూడా చూడాలి. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో, నేల నుంచి 0.55 నుంచి 0.85 మీటర్ల ఎత్తులో ఉండే ప్రామ్ పిల్లలు పెద్దలకంటే 60 శాతం దాకా ఎక్కువ కాలుష్యాన్ని పీల్చే అవకాశం ఉందని వివరించారు. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర, విజయనగరం గంటస్తంభం దగ్గర వాహనాల పొగ గొట్టాలు దాదాపు బిడ్డ ముఖం ఎత్తులోనే ఉంటాయి కాబట్టి, కొద్దిపాటి ఎత్తు కూడా పనికివస్తుంది, లోపలి వీధి దారి ఇంకా పనికివస్తుంది.

విదేశాల నుంచి వచ్చిన బండి, లేదా ఒక ఇంట్లో పెరిగి మరో ఇంటికి వెళ్ళే పాత బండి మన దగ్గర సాధారణం. దాన్ని వద్దనవలసిన పని లేదు, మడత కీలు మాత్రం తప్పక చూడాలి. 2009 నవంబరులో మాక్లారెన్ సంస్థ అమెరికాలో సుమారు 10 లక్షల స్ట్రోలర్లపై ఉపసంహరణ ప్రకటించింది. బండి విప్పుతుండగా కీలులో వేలు పడి పిల్లల వేలి కొనలు తెగిన ఘటనలు అప్పటికి 12 నమోదయ్యాయి. కీళ్ళకు తొడిగే కవర్లను సంస్థ ఉచితంగా పంపింది. ఆ కాలపు బండి ఇంట్లో ఉంటే కవరు ఉందో లేదో చూసుకోవాలి, ఏ బండైనా బిడ్డను దూరంగా ఉంచి విప్పాలి, మడవాలి. తర్వాత మడత లాకు పూర్తిగా పడిందో లేదో పిడిని గట్టిగా అదిమి చూడాలి. బ్రేకు వేసి, వాలు మీద ఖాళీ బండిని వదిలితే కదలకుండా నిలవాలి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య ఒకటిగా ఐదు చోట్ల పట్టే బెల్టు ఉండి, దాని కుట్లు ఊడకుండా, బకిల్ పెద్దవారి బొటనవేలికి మాత్రమే లొంగేంత బిగువుగా ఉండాలి.