సోంపు పళ్లెంలో యాభై రూపాయలు

బెంగళూరు,
ఆదివారం రాత్రి

చిరంజీవులు పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఇవాళ పొద్దున ఉగ్గాని తిని వస్తూ అక్కాతమ్ముళ్లు ఇద్దరు ఆటోలో మారతహళ్లి బ్రిడ్జి దగ్గర్నుంచి ఇంటిదాకా వాదించుకున్నారు. నేను నోరు విప్పలేదు. ఆ చప్పుడులో అరిచే ఓపిక నాకు లేదు, పైగా సగం చెప్పి ఆపేసే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదవండి. రేపో మాపో మీరూ జీతాలు తీసుకుని ఈ ఊరి హోటళ్ల మీద పడేవాళ్లే.

అక్కడ లేనివాళ్ల కోసం జరిగింది చెప్తాను. నాలుగు బల్లల చిన్న హోటలు. సప్లయర్ కుర్రాడు ఒడిశాలో వాళ్ల ఊరికి వెళ్లాడట, అందుకని ఓనరే భుజాన తువ్వాలు వేసుకుని వడ్డించాడు. పప్పుల పొడి బాగుందని నేను అన్నానో లేదో, ఇంకో చెంచా వేసి, అడక్కుండానే ఒక మిరపకాయ బజ్జీ ఎక్కువ పెట్టాడు. బిల్లు రెండొందల పది. మనవడు డబ్బు కట్టి, సోంపు పళ్లెంలో యాభై నోటు పెట్టి లేచాడు. మేం మెట్లు దిగేలోపే ఆయన వెనకాలే వచ్చి, "సార్, ఇది మర్చిపోయారు" అని నోటు చేతిలో పెట్టాడు. మర్చిపోలేదని ఆయనకీ తెలుసు. మనవాడి మొహం కందగడ్డ అయింది. అమెరికాలో చదువుతున్న అక్కగారు ఊరుకుంటుందా? "ఓనర్‌కి టిప్పు ఇవ్వకూడదురా, అక్కడ అది రూలు" అంది. "పని చేసినవాడికి ఇస్తే తప్పేంటి" అని వీడు. ఆ యాభైని కోపంగా నా చేతిసంచిలో కుక్కేశాడు.

ముందు అమెరికా సంగతి తేల్చేద్దాం. అక్కడ టిప్పు అంటే జీతంలో ఒక ముక్క. టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సిన కనీస కూలి, వాళ్ల కేంద్ర చట్టం ప్రకారం, గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచీ ఆ అంకె కదల్లేదు. మామూలు కనీస కూలి 7.25. మధ్యలో ఉన్న తేడా తిన్నవాళ్లు బల్ల మీద వదిలే డబ్బుతో పూడాలి, పూడకపోతే యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ ఏర్పాటు లేదనుకోండి. ఓనరుకి ఈ కూలి బాధ లేదు, లాభం ఎలాగూ ఆయనదే, కాబట్టి ఆయనకి టిప్పు అక్కర్లేదని అక్కడి పాత మర్యాద. పనివాళ్ల టిప్పుల్లో యజమానులు, మేనేజర్లు చెయ్యి పెట్టకూడదని 2018లో చట్టంలోనే రాసుకున్నారు. తను ఒక్కడే స్వయంగా చేసిన సేవకి తన చేతికే వచ్చింది మాత్రం మేనేజరు ఉంచుకోవచ్చు. కాబట్టి తల్లీ, నువ్వన్నది రూలు కాదు, అలవాటు. దాని వెనక కారణం కూడా అక్కడిదే. మన హోటళ్లలో కుర్రాడికి నెల జీతం, తిండి, చాలాచోట్ల పడక కూడా ఓనరే చూస్తాడు. జీతం గొప్పగా ఉంటుందని కాదు, కానీ లెక్క వేరు.

మన లెక్క అర్థం కావాలంటే కొసరు అనే మాట తెలియాలి. మీరు కూరగాయలు కూడా ఫోన్లోనే తెప్పిస్తారు కాబట్టి వినుండరు. కిలో వంకాయలు తూచాక, తక్కెడ దించేసి, ఇంకో రెండు కాయలు సంచిలో పడేస్తారు చూడండి, అది కొసరు. కరివేపాకు, కొత్తిమీర కొసరుగానే వచ్చేవి. కొసరు ఎప్పుడూ అమ్మేవాళ్ల చేతిలోంచి కొనేవాళ్ల సంచిలోకే. "కొసరి కొసరి వడ్డించారు" అంటామే, అదీ ఆ మాటే. ఇవాళ ఆయన పెట్టిన బజ్జీ కొసరు. మనవాడు దానికి యాభై రూపాయలు వెల కట్టాడు. ఇష్టంతో పెట్టింది కాస్తా అమ్మకం అయిపోయింది. ఆయన నోటు తెచ్చిచ్చింది గర్వంతో కాదు, తను పెట్టినదాన్ని తను పెట్టినట్టుగానే ఉంచుకోవడానికి.

నాకెలా తెలుసంటే, ఆ పళ్లెం అవతలి పక్క నేను పదిహేడేళ్లు నిలబడ్డాను. మీ తాతయ్యా నేనూ మదనపల్లె నుంచి వచ్చి 2003లో ఇక్కడ మెస్సు పెట్టాం. పీజీల్లో ఉండే పిల్లలే మాకు ఆధారం. అందరూ ఆంటీ, ఆంటీ అనేవాళ్లు. పెట్టిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో, సప్లయర్ రాకపోతే నేనే బకెట్టు పట్టుకుని పప్పు, పులుసు తిప్పాను. ఒక అబ్బాయి, మంచివాడే, తిని వెళ్లాక విస్తరి ఎత్తితే కింద పది రూపాయల నోటు. సాంబారు అంటి తడిసింది. చాలాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆంటీ అని పిలిచి ఆకు కింద పది పెట్టాడేమిటి అని ఒక పక్క, ఆ రోజుల్లో పది అంటే లీటరు పాలకి దగ్గర కదా అని ఇంకో పక్క. తాతయ్య నవ్వి, "బోణీ అనుకో" అన్నారు. నేను అనుకోలేకపోయాను. మర్నాడు ఆ అబ్బాయికి అప్పడం ఒకటి ఎక్కువ వేసి, నోటు సంగతి ఎత్తకుండా వదిలేశాను. ఇప్పుడు ఆలోచిస్తే వాడు కించపరచాలని పెట్టలేదు. వాళ్ల నాన్న హోటల్లో అలా పెట్టడం చూసుంటాడు, అంతే.

వరస పెట్టి పిలిచేచోట నోటు ఇమడదు. అన్నా అనండి, టిప్పు ఇవ్వకండి. లేదా సార్ అనిపించుకోండి, ఇవ్వండి. రెండూ ఒకేసారి కుదరవని నేను అనేదాన్ని. తాతయ్య ఒప్పుకునేవారు కాదు. సప్లయర్లనీ అన్నా అనే పిలుస్తారు, వాళ్లు తీసుకోవట్లేదా అనేవారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఆ నోటు తర్వాతే గల్లాపెట్టె పక్కన ఒక హార్లిక్స్ సీసా పెట్టాను, మూతకి కంత చేసి. మొదట్లో ఎవరికొచ్చిన టిప్పు వాళ్లదే. దాంతో మంచి జీతాలున్న పిల్లలు కూర్చునే కిటికీ బల్లకోసం సప్లయర్ల మధ్య రోజూ గొడవ. లోపల గిన్నెలు తోమే ఆమెకి పైసా రాదు. పొయ్యి దగ్గర మాడిపోయే మాస్టరుకీ రాదు. పులుసు బాగుందని టిప్పు పెడతారు, పులుసు కాచినవాడు అది చూడను కూడా చూడడు! సీసా పెట్టాక శనివారం రాత్రి అందరి ముందూ బోర్లించి పంచేదాన్ని. గిన్నెలామెకీ, బల్లలు తుడిచే క్లీనరుకీ సమాన వాటా. నాకూ తాతయ్యకీ వాటా లేదు. మేం వడ్డించిన రోజు పడ్డ డబ్బు కూడా అందులోకే.

కాబట్టి ఓనరు వడ్డించినచోట మీకు ఇవ్వాలనిపిస్తే, అలాంటి సీసాయో డబ్బాయో ఉందేమో చూడండి. లేకపోతే కౌంటరు దగ్గర "ఇది పిల్లలకివ్వండి" అని చేతికివ్వండి. పళ్లెంలో వదిలేసి పారిపోకండి. మాట చెప్పి ఇస్తే ఏ ఓనరూ నొచ్చుకోడు. నోటు వెనక్కి తెచ్చిస్తే తీసేసుకోండి. రెండోసారి కుక్కారో, అది మర్యాద కాదు, కుస్తీ.

స్కాన్ చేసేటప్పుడు ఇరవై ఎక్కువ కొట్టడం మీలో చాలామందికి అలవాటు. అది నేరుగా ఓనరు ఖాతాలో పడుతుంది, కుర్రాడికి చేరిందో లేదో మీకు తెలీదు. పైగా కౌంటరు మీద ఉండే ఆ మాట్లాడే డబ్బా ఎంత వచ్చిందో ఊరందరికీ వినిపించేలా చెప్తుంది. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి ఇక్కడి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు, మన వీధిలోనే ఎన్ని కొట్లు క్యూఆర్ కోడ్ పీకేసి "క్యాష్ మాత్రమే" అని రాసుకున్నాయో చూశారుగా. ఖాతాలో పడే ప్రతి రూపాయీ వ్యాపారంగానే కనిపిస్తుంది. టిప్పు మాత్రం నోటుగా ఇవ్వండి. పెద్ద రెస్టారెంట్లలో సర్వీస్ ఛార్జి అని బిల్లులోనే కలిపేస్తారు, అది పన్నూ కాదు, తప్పనిసరీ కాదు. దాన్ని తమంతట తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో అది సరేనంది. తీసెయ్యమని అడగొచ్చు, తీయకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. ఇక్కడి దర్శినుల్లో, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటళ్లలో, ఈ బాధేమీ లేదు. టోకెన్ తీసుకుని, నిలబడి తిని, ప్లేటు మనమే తొట్టిలో పడేస్తాం.

మరి ఓనరుకి ఏమీ ఇవ్వక్కర్లేదా? ఇవ్వాలి. నోటు తప్ప చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా నాలుగు బల్లల హోటల్లో ఒక్కో కుర్చీ రెండు మూడు భోజనాలు అమ్ముతుంది. అప్పుడు తినేసి లాప్‌టాప్ తెరిచి కూర్చున్నారనుకోండి, యాభై టిప్పు ఇచ్చినా ఆయనకి నష్టమే. తిన్న వెంటనే లేవడమే ఆయనకిచ్చే టిప్పు. పొద్దున్నే మొదటి బేరానికి ఐదొందల నోటు చాచకండి. ఉప్పెక్కువైతే ఆయన చెవిలో చెప్పండి, ఫోన్లో ఊరందరికీ రాయకండి. మాకు ఒక పెద్దాయన వచ్చేవారు, రిటైరైన టీచరు. పైసా టిప్పు పెట్టి ఎరగరు. చెయ్యి కడుక్కుని వచ్చి, గల్లా దగ్గర ఆగి, "అన్నదాతా సుఖీభవ" అని వెళ్లేవారు. బియ్యం రేటు పెరిగిన నెలలో కూడా ఆయన ఆకులో నెయ్యి తగ్గించడానికి నాకు చెయ్యి రాలేదు. కన్నడ ఓనరైతే "ఊట చెన్నాగిత్తు" అనండి, టిఫినైతే "తిండి చెన్నాగిత్తు". మీకొచ్చే నాలుగు కన్నడ ముక్కల్లో ఇవి రెండు ఉండాలి.

ఇంకొకటి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే పీజీలన్నీ రెండు రోజుల్లో ఖాళీ అయ్యాయి. ఖాతా పుస్తకంలో బాకీలు అలాగే ఉండిపోయాయి. ఎవరినీ అడగలేదు, వాళ్ల ఉద్యోగాలు ఉన్నాయో ఊడాయో. జూన్లో ఒక రోజు ఫోన్ టింగుమంది. ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు 1,840 రూపాయలు పంపాడు, కింద "మార్చి బాకీ ఆంటీ" అని రాసి. పుస్తకం తీసి చూస్తే సరిగ్గా 1,840. ఒక్క రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు. తాతయ్య ఆ పేజీ మీద అడ్డగీత కొట్టకుండా అలాగే ఉంచారు. ఆ ఏడాదే మెస్సు మూసేశాం. ఆ పుస్తకం బీరువాలో ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్మే ఆమె సంగతేమిటని అడుగుతారు మీరు. ఆమే ఓనరు, ఆమే మాస్టరు, ఆమే క్లీనరు. పేరుకి ఓనరే గానీ చాలాసార్లు సప్లయర్ కన్నా తక్కువ మిగులుతుంది. అక్కడ నేను చెప్పిందంతా పట్టుకుని కూర్చోకండి. ముప్పైఐదు అయితే నలభై ఇచ్చి "చిల్లర ఉండనీమ్మా" అనండి, తీసుకుంటుంది. విడిగా తీసి ఇచ్చే నోటు వేరు, తీసుకోకుండా వదిలేసే చిల్లర వేరు. ఈ తేడా నేను మాటల్లో చెప్పలేను, నాలుగుసార్లు ఇస్తే మీకే తెలుస్తుంది.

ఆ యాభై ఇంకా నా సంచిలోనే ఉంది. ఆ ఒడిశా కుర్రాడు దసరా అయ్యాక వస్తాడని ఓనరు చెప్పాడు. అప్పుడు మనం మళ్లీ వెళ్దాం, ఆదివారం కాదు, మంగళవారమో బుధవారమో, బల్లలు ఖాళీగా ఉన్నప్పుడు. నోటు మనవడే ఆ కుర్రాడి చేతికి ఇవ్వాలి. ఓనరు దగ్గర పావుకిలో పప్పుల పొడి కొందాం, డబ్బులు పెట్టి. కొసరు ఆయన వేస్తే వద్దనకండి.

వచ్చేటప్పుడు నా స్టీలు డబ్బాలు మూడు మీ ఇంట్లో ఉండిపోయాయి, మర్చిపోకుండా తీసుకురండి.

మీ
అమ్మమ్మ