లేనివాటి నోటుబుక్కు

నల్లకుంట, హైదరాబాద్
ఆదివారం సాయంత్రం

చిరంజీవులైన పిల్లలకు,

పోయిన వారం మేడ మీద మీరంతా నా చుట్టూ చేరి నా నవల మీద ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేశారు. కరెంటు పోవడం, దోమలు, కింద నుంచి మీ అమ్మలు అన్నానికి పిలవడం, ఆ గొడవలో నేను దేనికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. "అమ్మమ్మా, నాలుగు వందల ఏళ్ళ కిందటి సంగతులు మీకెలా తెలుసు?" అని ఒకరు. "భాగమతి నిజంగా ఉందా?" అని ఒకరు. "ఈ వయసులో లవ్ స్టోరీ రాయడానికి సిగ్గేయలేదా?" అని వెనక నుంచి ఎవరో అడిగి, వాటర్ ట్యాంకు చాటుకి పోయారు. ఎవరో నాకు తెలుసు. పేరు చెప్పనులే.

ఆ చివరి ప్రశ్నకు జవాబు చిన్నదే. వేయలేదు. మిగతావి కొంచెం పెద్దవి కనుక ఉత్తరం రాస్తున్నాను.

నా నవల ముందు ఒక వాసనగా మొదలైంది. ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ సమాధులకు మరమ్మతులు జరుగుతున్న రోజుల్లో, ఊరి నుంచి వచ్చిన చుట్టాలను అక్కడికి తీసుకెళ్ళాను. ఒక పక్కన డంగు సున్నం నూరుతున్నారు. పాత కట్టడాలకు సిమెంటు సరిపడదు. సున్నం, ఇసుక కలిపి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి గానుగలో మెత్తగా నూరి వాడాలి. ఆ పక్కగా నడుస్తుంటే తియ్యగా, ఘాటుగా, కాస్త పులిసినట్టు ఒక వాసన తగిలింది. మా చుట్టాలు ముక్కులు మూసుకుని సమాధుల దగ్గర ఫొటోలు దిగడానికి పోయారు. నేను అక్కడే నిలబడిపోయాను. రోజంతా ఈ వాసనలో పనిచేసిన పిల్ల సాయంత్రం ఇంటికెళ్ళి తల దువ్వుకుంటే జుట్టులోంచి ఏం రాలుతుంది? సున్నప్పొడి. ఆ పిల్లే లచ్చి. చార్మినార్ కడుతున్న చోట సున్నం గంపలు లెక్కపెట్టే పిల్ల.

చార్మినార్ కట్టించినది మహమ్మద్ కులీ కుతుబ్‌షా అని మీ పుస్తకంలో ఉంది. నగరానికి రూపం గీసినవాడు మీర్ మోమిన్ అని కొంచెం పెద్ద పుస్తకాల్లో ఉంటుంది. సున్నం నూరినవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు? నాలాంటిదానికి చోటు దొరికేది అలాంటి చోటనే. పేరు లేనివాళ్ళకు పేరు పెడితే ఎవరూ కోర్టుకి రారు!

ఇక భాగమతి. నేను చిన్నప్పుడు విన్న కథే మీరూ విన్నారు. యువరాజు కులీ, నది అవతల ఉన్న భాగమతిని చూడడానికి, మూసీ వరద మీద ఉన్నా గుర్రాన్ని నీళ్ళలోకి దూకించాడని, అది తెలిసి తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా భయపడి వంతెన కట్టించాడని. ఆ వంతెనే పురానాపూల్. కథ వినడానికి చాలా బాగుంటుంది. నేనూ దాన్నే రాద్దామని కూర్చున్నాను. కానీ పురానాపూల్ కట్టింది 1578లో. కులీ పుట్టింది 1565లో. ఇప్పుడు తీసివేత చేయండి. ఏడో తరగతి పిల్లాడు! మీ వయసువాడు వరదలో గుర్రం దూకిస్తే వాళ్ళ నాన్న వంతెన కట్టించడు, వీపు విమానం మోత మోగిస్తాడు.

అలాగని భాగమతి ఉత్త కల్పన అని కొట్టిపారేయడానికీ లేదు. బీజాపూరులో ఉండి చరిత్ర రాసిన ఫరిష్తా దాదాపు ఆ కాలంవాడే. భాగమతి గురించీ, ఆమె పేరు మీద ఈ ఊరికి వచ్చిన భాగ్‌నగర్ అనే పేరు గురించీ అతను రాశాడు. మన కాలానికి వస్తే, కుతుబ్‌షాహీల చరిత్రను జీవితమంతా తవ్వినవాడు హారూన్ ఖాన్ షేర్వానీ. ఆయన మాత్రం ఇదంతా కట్టుకథే అన్నాడు. ఆమె పేరుతో నాణెం లేదు, శాసనం లేదు, ఇబ్రహీంబాగ్‌లో అంతమంది సమాధులు ఉంటే ఆమెది లేదు. ఇద్దరు పెద్దలు కొట్టుకుంటుంటే మధ్యలో నేను తీర్పు చెప్పడం ఎందుకు? అందుకని భాగమతిని నా కథలో ఎక్కడా కనిపించనివ్వలేదు. గానుగ దగ్గర ఆడవాళ్ళు పని చేస్తూ ఆమె గురించి గుసగుసలాడుకుంటారు, అంతే. ఒకామె చూశానంటుంది, ఇంకొకామె "నువ్వు చూశావులే" అంటుంది. నిజం అయినా కాకపోయినా జనం చెప్పుకుని ఉంటారు కదా.

కోఠీలో ఇంకో ప్రేమకథ ఉంది, దాన్ని ఎందుకు రాయలేదని మీ అమ్మల్లో ఒకరు అడిగారు. నేను బి.ఏ. చదివింది కోఠీ ఉమెన్స్ కాలేజీలోనే. పెద్ద పెద్ద స్తంభాలున్న ఆ భవనం ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ రెసిడెన్సీ, అంటే వాళ్ళ ప్రతినిధి రెసిడెంట్ ఉండే చోటు. దాన్ని కట్టించిన రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ గొప్పింటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళి చేసుకున్నాడు. 1805లో వాళ్ళ పిల్లలిద్దరినీ ఓడ ఎక్కించి ఇంగ్లండుకి పంపేశారు. కొడుక్కి నాలుగేళ్ళు, కూతురికి మూడేళ్ళు. ఆ ఏడాదే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి 1813లో పోయింది, పిల్లలను మళ్ళీ చూడనేలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, పెద్దదైపోయిన ఆ కూతురికీ ఇక్కడున్న అమ్మమ్మకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆ అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేశాను. నిజంగా జరిగినదే అంత నిండుగా ఉంటే దాని మీద నేను ఏం కల్పిస్తాను? అలాంటివి చరిత్రకారులు రాయాలి. మనం చదివి ఏడవాలి.

సరే, లచ్చి దగ్గరికి వద్దాం. ప్రేమకథకి ఇద్దరు కావాలి. రెండోవాడు ఎవరని నేను ఎనిమిది నెలలు వెతికాను. సిపాయిని పెట్టి చూశాను, గుర్రాల వ్యాపారి కొడుకును పెట్టి చూశాను. చిత్తుప్రతిలో ఇద్దరూ బొమ్మల్లా నిలబడ్డారు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఒక మధ్యాహ్నం ఏదో వెతుకుతుంటే ఇంకేదో దొరికింది. నా పని చాలావరకు అలాగే జరుగుతుంది. అరబ్బీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది. కవులు, లిపికారులు ఒక మాట రాసి, దాని అక్షరాల విలువలు కూడితే ఫలానా సంవత్సరం వచ్చేలా చేస్తారు. చార్మినార్ కాలానికి అలాంటి మాట ఒకటి చెబుతారు: యా హాఫిజ్. 'ఓ రక్షకుడా' అని అర్థం. ఆ లిపిలో దానికి ఆరు అక్షరాలు. విలువలు 10, 1, 8, 1, 80, 900. కూడండి. వెయ్యి వచ్చిందా? హిజ్రీ 1000, అంటే 1591లో మొదలైన సంవత్సరం.

వెంటనే నాకు రెండోవాడు దొరికాడు. ఇరాన్ నుంచి వచ్చిన లిపికారుడి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, హుసేన్. లచ్చికి చదువు రాదు, కానీ లెక్క కరెక్టుగా వచ్చు. రోజూ గంపలు లెక్కపెట్టేది ఆమే కదా. హుసేన్‌కి అక్షరాలు వచ్చు, తెలుగు రాదు. వాడు తడి సున్నం మీద పుల్లతో ఒక అక్షరం గీస్తాడు, పక్కన పది గులకరాళ్ళు పెడతాడు. ఇంకో అక్షరం, ఒక రాయి. మూడో అక్షరానికి ఎనిమిది. ఎనభై దగ్గరికి వచ్చేసరికి రాళ్ళు అయిపోతాయి, ఇద్దరూ నవ్వుతారు. లచ్చి తక్కువది కాదు. మా ఊరి గుడి శాసనంలోనూ ఇలాగే ఉంటుందని కరణం చెప్పాడంటుంది. చంద్రుడు అంటే 1, కళ్ళు అంటే 2, వేదాలు అంటే 4. చంద్రుణ్ణి చూపిస్తుంది, ఒక వేలు ఎత్తుతుంది. తర్వాత వాడి కళ్ళ వైపు చూపించి రెండు వేళ్ళు ఎత్తుతుంది.

ప్రేమ సన్నివేశం అంతే. ట్యాంకు వెనక దాక్కున్న పెద్దమనిషీ, వింటున్నావా? ఆ కాలంలో సున్నం పని చేసే పిల్ల పరదేశి కుర్రాడితో నిలబడి మాట్లాడితే సాయంత్రానికి వీధి అంతటికీ తెలిసిపోతుంది. ఏమేం చేయకూడదో ముందు తెలుసుకుంటే, ఏం చేయగలరో దొరుకుతుంది. రెండు వేళ్ళు ఎత్తడం చేయగలరు. ఆ పేజీ రాసిన రోజు నేను వంట కూడా చేయలేదు. తాతయ్య బయట నుంచి ఇడ్లీ తెచ్చారు.

అన్నీ లైబ్రరీలో దొరకవు. లచ్చి నాన్న గోల్కొండ దగ్గర నుంచి బండి మీద సున్నం తెచ్చి, చార్మినార్ దగ్గర దింపి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళినట్టు రాశాను. ఒకరోజు మా మనవణ్ణి వెంటబెట్టుకుని ఆ దారంతా నడిచాను. కోట నుంచి కార్వాన్, అక్కడి నుంచి పురానాపూల్ దాటి చార్మినార్. దాదాపు పది కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరి చేరేసరికి ఎండ మాడు మీదికొచ్చింది, నా మోకాళ్ళు లబోదిబోమన్నాయి, మనవడు "ఆటో ఎక్కుదాం" అని నాలుగుసార్లు అన్నాడు. ఖాళీ చేతుల మనిషికే ఇంత పడితే, నిండు బండిని ఎద్దులు ఎప్పటికి లాగుతాయి? తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ మధ్యాహ్నం భోజనాన్ని కొట్టేశాను. దాంతో లచ్చికి సాయంత్రాలు ఒంటరిగా దొరికాయి. కథలో సగం మలుపులు ఆ ఎద్దుల పుణ్యమే.

ఇంకొకటి, వానలు. కులీ కుతుబ్‌షా రాజే కాదు, దక్కనీ కవి కూడా. పండగల మీద, మృగశిర వానల మీద కవితలు రాశాడు. మృగశిర నాడు మీ ఇంట్లో చేపల కూర కోసం గొడవ పడతారే, ఆ మృగశిరే. ఆయన కవితల్లోని వాన తెచ్చి నా కథలో కురిపించాను. రాజు మేడ మీద నుంచి చూసిన వాన వేరు, తడిస్తే పాడైపోయే సున్నం కుప్ప పక్కన నిలబడ్డ లచ్చి చూసిన వాన వేరు. ఆయనకు సంబరం, ఆమెకు టెన్షన్.

ఇప్పుడు అసలు సంగతి. నా దగ్గర రెండు నోటుబుక్కులు ఉంటాయి. ఒకటి ఆ కాలంలో ఉన్నవాటికి. రెండోది లేనివాటికి. నాకు ఎక్కువ పని పెట్టేది రెండోదే. మొదటి చిత్తుప్రతిలో లచ్చి వాళ్ళమ్మ టమాటా పప్పు చేసింది. టమాటా, ఆలుగడ్డ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవి, లచ్చి వంటింటికి ఎక్కడివి? కొట్టేశాను. మిరపకాయ కూడా అటు నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చినదే. అది లేకుండా తెలుగు పిల్ల అన్నం ఎలా తింటుందా అని నేనే బాధపడి, చివరికి మిరియం, చింతపండుతో సరిపెట్టాను. హుసేన్ ఇరానీ కనుక ఇరానీ చాయ్ తాగించాను. సిగ్గుచేటు! మన ఊళ్ళో ఇరానీ హోటళ్ళు మొన్న మొన్నటివి. "ఒక్క నిమిషం ఆగు" అని లచ్చితో అనిపించాను. నిమిషాలు కొలిచే గడియారం ఎక్కడుంది? ఘడియ అనాలి. ఘడియ అంటే మన 24 నిమిషాలు, రోజుకి అరవై. "ఒక్క ఘడియ ఆగు" అనగానే వాడు ఆగే సమయం పెరిగిపోయింది. నాకు అదే నచ్చింది.

అన్నీ దిద్దుకుని, పుస్తకం అచ్చుకిచ్చి, హాయిగా నిద్రపోయాను. అట్ట మీద బొమ్మ వచ్చింది. సగం కట్టిన చార్మినార్, ముందు లచ్చి, వెనక వెన్నెల. బ్రహ్మాండం. దగ్గర పెట్టుకుని చూస్తే చార్మినార్‌కి గడియారం ఉంది. ఆ గడియారాలు పెట్టింది 1889లో! బొమ్మ వేసినాయన మంచివాడు, ఫోన్ చేస్తే "అయ్యో అమ్మా, రోజూ అటే పోతాను కదా, చెయ్యి అలా వెళ్ళిపోయింది" అన్నాడు. రెండో ముద్రణలో అక్కడ మేఘం వేశాడు.

ఇంత చెప్పాక ఒక తప్పు ఒప్పుకోవాలి. మీలో ఒకరు మొన్న మెట్ల మీద నన్ను ఆపి, "అమ్మమ్మా, తొమ్మిదో అధ్యాయంలో హుసేన్ సీతాఫలం తెచ్చిస్తాడు కదా, అది కూడా అమెరికాదేనట, మా సైన్సు టీచర్ చెప్పారు" అంది. ఇంటికొచ్చి చూసుకున్నాను. నిజమే. పోర్చుగీసువాళ్ళతో వచ్చిన పండే. పేరులో సీతమ్మ ఉంది కదా, మన అడవుల్లో రాముడి కాలం నుంచీ ఉందనుకుని నేను అనుమానించనే లేదు. లేనివాటి నోటుబుక్కులో ఇవాళ పొద్దున్నే రాశాను, దాని పక్కన ఆ పిల్ల పేరు కూడా.

మూడో ముద్రణకి ఇంకా టైం ఉంది. హుసేన్ చేతిలో ఏ పండు పెట్టాలి? రేగుపళ్ళు చాలా చిన్నవి, పనసపండు మోసుకొస్తే నవ్వొస్తుంది, మామిడికి అది కాలం కాదు, ఆ అధ్యాయం కార్తీకంలో జరుగుతుంది. ఇద్దరూ పంచుకుని తినేలా ఉండాలి, చేతులు కొంచెం అంటుకోవాలి. వచ్చే ఆదివారం మేడ మీదికి రాసుకుని రండి. దోమల బత్తి నేను తెస్తాను.

ఆశీస్సులతో,
రెండో అంతస్తు అమ్మమ్మ