టెస్టర్‌లో ఎనిమిది లైట్లు వెలిగినంత మాత్రాన కేబుల్ ఓకే కాదు: నెట్‌వర్కింగ్‌లో అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి తొమ్మిదింటికి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు, పనిలో చేరి మూడు నెలలైందంతే, గొంతు వణుకుతోంది. ఒక స్కూల్ ల్యాబ్‌లో ఇరవై నాలుగు సిస్టమ్స్‌కి కేబులింగ్ చేశాడంట, రెండ్రోజుల్లో పిల్లలకి ఆన్‌లైన్ టెస్ట్ ఉంది, సగం సిస్టమ్స్‌లో పేజీ ఓపెన్ అవ్వదు, ఫైల్ కాపీ పెడితే మధ్యలో ఆగిపోతుంది. "అన్నా, కేబుల్స్ అన్నీ టెస్టర్ పెట్టి చూశా, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలిగాయి, కేబుల్ ప్రాబ్లం అయితే కాదన్నా, స్విచ్ పోయిందేమో" అన్నాడు. స్విచ్ అంటే సిస్టమ్స్ నుంచి వచ్చే కేబుళ్ళన్నీ కలిసే డబ్బా. అప్పటికే స్కూల్ వాళ్ళు నెట్ ప్లాన్ పెంచారు, స్విచ్ కూడా ఒకసారి మార్చారు, ఇప్పుడు మూడోసారి ఖర్చంటే స్కూల్ మేడమ్ ఈ అబ్బాయి డబ్బులు ఆపేస్తానందంట.

ఈ "లైట్లు వెలిగాయి కదా" అనే మాట నేను పని మొదలుపెట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నా. జనం జేబులోంచి ఎక్కువ డబ్బులు పోయేది దీనివల్లే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నా, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తా.

అపోహ: టెస్టర్‌లో లైట్లన్నీ వెలిగితే కేబుల్ కరెక్టే. రెండు వైపులా ఒకే వరస ఉంటే చాలు, ఏ రంగు ఎక్కడున్నా పర్లేదు.

వాస్తవం: మన అందరి బ్యాగుల్లో ఉండే ఆ చిన్న టెస్టర్ చేసే పని ఒక్కటే. ఈ చివర ఒకటో పిన్నుకి కరెంటు పంపి ఆ చివర ఒకటో పిన్నుకి చేరిందా లేదా చూస్తుంది, తర్వాత రెండోది, అలా ఎనిమిది. వైరు తెగలేదు, పిన్నులు తారుమారు కాలేదు, అంతవరకే అది చెప్పగలదు. ఏ వైరు దేంతో మెలి తిరిగి ఉందో దానికి తెలీదు, కానీ నెట్‌వర్క్ నడిచేదంతా ఆ మెలి మీదే.

ఎనిమిది వైర్లని నాలుగు జతలుగా మెలిపెట్టింది అందం కోసం కాదు కదా. జతలో రెండు వైర్ల మీదా ఒకే సిగ్నల్ ఒకదానికొకటి వ్యతిరేకంగా వెళ్తుంది, పక్క జతల నుంచి, బయట నుంచి వచ్చే నాయిస్ మాత్రం రెండిటి మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది, అవతల చివర రెండిటి తేడా తీసుకునేసరికి నాయిస్ పోయి సిగ్నల్ మిగులుతుంది. ఇది జరగాలంటే ఆ రెండు వైర్లూ ఒకే మెలిలోవి అయ్యుండాలి. కేబుల్ చివర బిగించే ఆర్‌జే45 ప్లగ్‌లో 1-2 ఒక జత, 3-6 ఒక జత, 4-5 ఒకటి, 7-8 ఒకటి. కొంప మునిగేది ఆ 3-6 దగ్గరే, ఎందుకంటే చూడ్డానికి 3-4, 5-6 అనుకోవడమే సహజం.

మనవాడు చేసింది కూడా అదే. ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత అని పక్కపక్కనే పెట్టి క్రింప్ కొట్టేశాడు, అంటే ప్లగ్‌లో పెట్టి టూల్‌తో నొక్కి బిగించేశాడు, రెండు వైపులా అదే వరస. టెస్టర్‌కి అంతా బాగున్నట్టే. కానీ 3-6 మీద వెళ్ళాల్సిన సిగ్నల్‌కి ఒక కాలు వైట్ గ్రీన్‌లో, ఇంకో కాలు బ్లూలో, రెండూ వేరువేరు మెలికల్లో ఉన్నాయి. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు. రెండు మూడు మీటర్ల కేబుల్‌కి ఇది పెద్దగా తెలీదు, దూరం పెరిగేకొద్దీ ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పాడైపోతుంటాయి. "స్విచ్ పక్కనున్న సిస్టమ్స్ బాగా వస్తున్నాయా, చివరి వరసవే ఏడుస్తున్నాయా" అని అడిగితే "అవునన్నా, మీకెలా తెలుసు" అన్నాడు. వీడియో కాల్ పెట్టించి ప్లగ్‌ని కెమెరాకి దగ్గరగా పట్టుకోమన్నా. గ్రీన్ రెండూ పక్కపక్కనే కనపడ్డాయి. ఇంకేం చూడక్కర్లేదు.

పొద్దున్నే నేనూ వెళ్ళి కూర్చున్నా, ఇద్దరం కలిసి నలభై ఎనిమిది చివర్లూ కోసి మళ్ళీ కొట్టాం. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. ఈ రంగుల వరస పేరు టీ568బీ. ఇందులో ఆరెంజ్ జత స్థానంలో గ్రీన్ జత, గ్రీన్ స్థానంలో ఆరెంజ్ పెడితే అది టీ568ఏ, అదీ తప్పు కాదు, కానీ బిల్డింగ్ మొత్తం ఒకటే పాటించండి. మధ్యాహ్నానికి ఇరవై నాలుగూ వచ్చేశాయి, స్విచ్ అదే, ప్లాన్ అదే. ఆ మేడమ్ కూడా డబ్బులు ఇచ్చేసింది, పాపం ఆవిడ భయం ఆవిడది, పిల్లల టెస్ట్ ముందు పెట్టుకుని ఎవరి మాట నమ్మాలో తెలియక రెండుసార్లు ఖర్చుపెట్టింది.

క్రింప్ కొట్టేటప్పుడు మెలి విప్పేది 13 మిల్లీమీటర్లకి మించకూడదు. చేతికి వీలుగా ఉంటుందని రెండంగుళాలు విప్పేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, పైసా ఖర్చు లేని చోట క్వాలిటీ పోగొట్టుకుంటున్నాం. గోడలో వెళ్ళే కేబుల్ 90 మీటర్లు, అటూ ఇటూ పెట్టే పొట్టి కేబుళ్ళు, అంటే ప్యాచ్ కార్డులతో కలిపి మొత్తం 100, అక్కడితో ఆపేయాలి. ఇంకోటి, కేబుల్ పెట్టాక సిస్టమ్‌లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడటం అలవాటు చేసుకోండి. రెండు వైపులా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులే ఉన్నా 100 అనే చూపిస్తోందంటే 4-5 లోనో 7-8 లోనో ఎక్కడో కాంటాక్ట్ లేదని మొదట అనుమానించాలి, 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. నెట్ నడుస్తోంది కదా అని వదిలేస్తే ఆ కస్టమర్ ఏళ్ళ తరబడి పదో వంతు స్పీడ్‌తోనే బతుకుతాడు.

లైట్లు చెప్పని ఇంకో విషయం కూడా ఉంది, వైరు లోపల ఏముందో. మార్కెట్‌లో సగం ధరకి దొరికే బాక్సుల్లో చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం మీద పల్చగా రాగి పూత. టెస్టర్‌లో ఇదీ బ్రహ్మాండంగా వెలుగుతుంది. అల్యూమినియం రెసిస్టెన్స్ రాగి కన్నా ఒకటిన్నర రెట్ల పైనే. కేబులింగ్‌కి ఉన్న టీఐఏ 568 స్టాండర్డ్ ప్రకారం కండక్టర్ రాగిదే అయ్యుండాలి, బాక్స్ మీద క్యాట్6 అని గ్రేడ్ పేరు ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా సరే.

కొన్నేళ్ళ కిందట ఒక రైస్ మిల్లు ఓనర్ పిలిచాడు, గేటు దగ్గర పీఓఈ కెమెరా (ల్యాన్ కేబుల్ మీదే కరెంటు తీసుకునేది) పగలంతా బాగుంటుంది, చీకటి పడితే చాలు ఆగిపోతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. వాచ్‌మనే ఆపేస్తున్నాడని ఆయన అనుమానం, బియ్యం బస్తాలు బయటికి పోతున్నాయేమోనని. ఆ వాచ్‌మన్ పెద్దాయన నా దగ్గరికి వచ్చి "బాబూ, నేను దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. బ్లేడుతో వైరు గీకి చూస్తే లోపల తెల్లగా మెరిసింది. డెబ్బై మీటర్ల పైన సీసీఏ. రాత్రి కెమెరాలో చీకట్లో చూడటానికి ఉండే ఐఆర్ ఎల్‌ఈడీలు వెలిగేసరికి ఎక్కువ కరెంటు లాగుతుంది, అంత దూరంలో వోల్టేజ్ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతుంది, అంతే సంగతి. రాగి కేబుల్ వేశాక ఒక్క రాత్రి కూడా ఆగలేదు. కేబుల్ దగ్గర మిగిల్చుకున్న కొద్ది డబ్బు కోసం ఒక మనిషి దొంగ అనిపించుకోబోయాడు, ఇది నేను మర్చిపోలేను. కొనేటప్పుడు గీకి చూడండి, బాక్స్ చేత్తో ఎత్తి చూడండి, 305 మీటర్ల రాగి బాక్సుకీ సీసీఏ బాక్సుకీ బరువులో తేడా చెయ్యే చెప్పేస్తుంది.

ఇక మిగతావి.

"100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే డౌన్‌లోడ్ 12 అని చూపిస్తోంది, మోసం చేశారు." మోసం కాదు, ప్లాన్ చెప్పేది బిట్స్‌లో, డౌన్‌లోడ్ చూపించేది బైట్స్‌లో, ఎనిమిది బిట్స్ ఒక బైట్, అందుకే ఎనిమిదితో భాగించండి.

"పాత రౌటర్ ఉంది కదా, ఇంకో గదిలో పెట్టేస్తే వైఫై వస్తుంది." వస్తుంది, కానీ దాని ల్యాన్ పోర్ట్‌లో కేబుల్ పెట్టి డీహెచ్‌సీపీ (ఐపీలు, అంటే నెట్‌వర్క్ అడ్రస్‌లు పంచేది) ఆపకపోతే రెండు రౌటర్లూ ఐపీలు పంచడం మొదలుపెడతాయి, సగం ఫోన్లకి నెట్ ఉండదు. డీహెచ్‌సీపీ ఆపి, దాని ఐపీ మార్చి, అప్పుడు పెట్టండి.

"ల్యాన్ కేబుల్‌ని కరెంటు పైపులోనే లాగేస్తే పోలా." వద్దు. నాయిస్ సంగతి తర్వాత, ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే 230 వోల్టులు నేరుగా మీ సిస్టమ్‌లోకి, మీ చేతుల్లోకి వస్తాయి. ఇంటి ఎలక్ట్రీషియన్ ఎంత చెప్పినా వినకండి.

"5 గిగాహెర్ట్జ్ అంటే సిగ్నల్ ఎక్కువ దూరం వస్తుంది." ఉల్టా. గోడలు దాటి దూరం వెళ్ళేది 2.4, దగ్గర్లో స్పీడ్ ఇచ్చేది 5.

"ఏఐ వచ్చేసింది, ఇక నెట్‌వర్కింగ్ నేర్చుకోవడం వేస్ట్." ఈ పుకారు మోసుకొచ్చేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. గోడలో కేబుల్ ఎవరు లాగుతారు, అర్ధరాత్రి ఆస్పత్రిలో స్విచ్ లూప్ పడితే, అంటే కేబుల్ తిరిగొచ్చి అదే స్విచ్‌కి తగిలితే, ఎవరు వెళ్ళి పీకుతారు?

కానీ "మావాడు బీటెక్ కాదండీ, ఐటీఐనే, సీసీఎన్‌ఏ సర్టిఫికెట్ లేకపోతే పనికి రాడా" అని అడిగే అమ్మానాన్నలకి మాత్రం ఎంతసేపైనా చెప్తా. వస్తాడండీ. సీసీఎన్‌ఏ మంచిదే, పై ఉద్యోగాలకి కావాలి, కానీ ముందు మంచి క్రింపింగ్ టూల్, పది మీటర్ల అసలు రాగి కేబుల్, రెండు పాత సిస్టమ్స్, ఒక మామూలు స్విచ్ కొనివ్వండి. సిస్కో వాళ్ళ ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్) ఉచితమే, రౌటింగ్ అదీ దాంట్లో నేర్చుకోవచ్చు. నెట్ రావట్లేదంటే ముందు ఐపీ ఏముందో చూడాలి, 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ అందలేదని అర్థం, తర్వాత గేట్‌వేకి, అంటే రౌటర్‌కి, పింగ్ కొట్టి జవాబు వస్తోందో చూడాలి, తర్వాత బయటున్న గూగుల్ వాళ్ళ 8.8.8.8కి, అది వచ్చి వెబ్‌సైట్ పేరు మాత్రం పనిచేయకపోతే తేడా డీఎన్‌ఎస్ (పేరుని ఐపీగా మార్చేది) దగ్గర. ఈ వరస నోటికి వచ్చేస్తే సగం కంప్లైంట్లు అక్కడే తేలిపోతాయి.

ఆ స్కూల్ కుర్రాడు ఇప్పుడు ఏ సైట్‌లో పనిచేసినా మూత పెట్టేముందు ప్లగ్గుల ఫోటోలు తీసి పంపిస్తున్నాడు. నిన్న కూడా పంపాడు, రంగులన్నీ కరెక్ట్, ప్రతి కేబుల్‌కీ నంబర్ లేబుల్ అంటించాడు. నాలుగో ప్లగ్‌లో మాత్రం పై జాకెట్ లోపలిదాకా వెళ్ళలేదు, లాగితే బరువంతా సన్న వైర్ల మీదే పడుతుంది. ఆ ఒక్కటి కోసి మళ్ళీ కొట్టమన్నా, అరగంటలో కొత్త ఫోటో వచ్చింది.