ఐరన్ మాత్రలో ఎవరి వాటా ఎంత?

ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మలం నల్లగా రావడం చాలామంది గమనించే ఉంటారు. కంగారుపడి అడిగితే డాక్టరు "మామూలే, ఏం కాదు" అంటారు, నిజంగా మామూలే కూడా. (మాత్రలేవీ వాడకుండానే జిగటగా, నల్లగా వస్తే మాత్రం అది కడుపులో రక్తస్రావం కావచ్చు, ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.) కానీ ఆ నలుపు ఎక్కడిదో ఒక్క నిమిషం ఆలోచించండి. అది మన ఒంటికి పట్టకుండా పోయిన ఇనుము. మాత్రలో ఉన్న ఇనుములో చిన్నపేగు పీల్చుకునేది కొంచెమే, ఒంట్లో ఇనుము బాగా తగ్గినవాళ్లలో కూడా ఐదో వంతుకి అటూ ఇటూగానే ఉంటుంది, మిగతాదంతా కిందికి, పెద్దపేగులోకి వెళ్లిపోతుంది. అంటే 60 మిల్లీగ్రాముల ఇనుమున్న మాత్ర వేసుకుంటే 45కి పైగా మిల్లీగ్రాములు రక్తంలోకి రాకుండానే అక్కడికి చేరతాయన్నమాట. ఆ పెద్దపేగు ఖాళీగా ఏమీ ఉండదు. మనిషి ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో ఒక అంచనా వేశారు, వాటిలో చాలా చాలా భాగం కాపురం పెట్టింది అక్కడే.

ఖనిజాల మాట వస్తే మనం మన రక్తం గురించి, మన ఎముకల గురించి మాత్రమే ఆలోచిస్తాం. మనం తినే తిండే తింటున్న ఇంకో జనాభా మన లోపలే ఉందని, ఏ ఖనిజం ఎంత పడిందన్నదాన్ని బట్టి ఆ జనాభాలో ఎవరు పెరుగుతారో ఎవరు తగ్గుతారో మారిపోతుందని చాలామందికి తెలియదు. తెలిస్తే బాగుంటుందని నా ఉద్దేశం, ఎందుకంటే మనం సొంతంగా కొనుక్కుని మింగే మాత్రల్లో ఖనిజాలున్నవి చాలానే.

ఇనుము దగ్గరే కాసేపు ఆగుదాం, కథంతా ఇక్కడే ఉంది. దాదాపు ప్రతి బ్యాక్టీరియాకీ బతకడానికి ఇనుము కావాలి. మన ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది గానీ అందులో విడిగా, ఎవరికి దొరికితే వాళ్లు తీసుకునేలా ఉన్నది లేనట్టే. ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఇరుక్కుని ఉంటుంది, కొంత ఫెరిటిన్ అనే ప్రోటీన్ లోపల నిల్వ ఉంటుంది, రక్తంలో తిరిగే కాస్తా కూడా ట్రాన్స్‌ఫెరిన్ అనే ఇంకో ప్రోటీన్ పట్టులోనే తిరుగుతుంది. ఇదంతా ఊరికే సర్దిపెట్టుకోవడం కాదు, ఇనుమును దాచిపెట్టడం కూడా మన రక్షణలో ఒక భాగం. ఈ సంగతి మొదట బయటపడింది కోడిగుడ్డు తెల్లసొన వల్ల. 1944లో ఆర్థర్ షేడ్, లియోనా కరొలైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పచ్చి తెల్లసొన కలిపిన చోట బ్యాక్టీరియా ఎందుకు పెరగడం లేదో తేల్చడానికి రకరకాల పోషకాలను చేర్చి చూశారు. ఏది చేర్చినా ఫలితం లేదు, ఇనుము చేర్చగానే మళ్లీ పెరిగాయి. తెల్లసొనలోని ఒక ప్రోటీన్ ఇనుమునంతా బిగించి పట్టుకోవడంతో బ్యాక్టీరియా ఆకలితో ఆగిపోయాయి, అంతే. మన రక్తంలోనూ అలాంటి ప్రోటీనే ఉందని రెండేళ్లలో వాళ్లే చూపించారు.

మరి బ్యాక్టీరియా ఊరుకుంటాయా? ఈ.కోలై లాంటివి ఎంటరోబాక్టిన్ అనే చిన్న అణువును తయారుచేసి బయటికి వదులుతాయి. ఇనుమును పట్టుకోవడంలో దీనికున్న బలం ఎంతంటే, ట్రాన్స్‌ఫెరిన్ చేతుల్లోంచి కూడా లాక్కోగలదు. ఇనుముతో నిండిన ఎంటరోబాక్టిన్‌ను బ్యాక్టీరియా మళ్లీ లోపలికి తీసుకుంటుంది. దీనికి విరుగుడుగా మన కణాలు లిపోకాలిన్-2 అనే ప్రోటీన్‌ను వదులుతాయి, అది ఎంటరోబాక్టిన్‌ను దారిలోనే పట్టేస్తుంది. దానికీ విరుగుడు ఉంది: టైఫాయిడ్ లాంటివి తెచ్చే సాల్మొనెల్లా తన ఎంటరోబాక్టిన్‌కి చక్కెర అణువులు తగిలిస్తుంది, అప్పుడది లిపోకాలిన్ గుప్పిట్లో పట్టదు. ఎత్తుకి పైఎత్తు, కొన్ని కోట్ల ఏళ్లుగా నడుస్తోంది ఈ ఆట.

ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు శరీరం ఇంకో పని చేస్తుంది. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువ చేస్తుంది, దాంతో పేగు నుంచి, నిల్వల నుంచి రక్తంలోకి ఇనుము రావడం ఆగిపోతుంది. జ్వరంలో రక్తపరీక్ష చేయిస్తే ఐరన్ తక్కువగా కనబడటానికి ఇదొక కారణం, అది చూసి గాభరాగా మాత్రలు మింగడం శరీరం కావాలని మూసిన తలుపును మనమే వెళ్లి తట్టడం అవుతుంది.

ఈ దాపరికం ఎంత ముఖ్యమో చూపించే ఒక ఘటన 2009లో షికాగోలో జరిగింది. ప్లేగు బ్యాక్టీరియా మీద పనిచేసే ఒక పరిశోధకుడు ఆ వ్యాధితోనే చనిపోయారు. విచిత్రం ఏమిటంటే ఆయన ప్రయోగశాలలో వాడింది బలహీనపరిచిన రకం, ఇనుమును లాక్కునే సామర్థ్యం పోగొట్టుకున్నది, అందుకే దాన్ని ప్రమాదం లేనిదిగా లెక్కేశారు. తర్వాత పరీక్షల్లో తేలింది, ఆయనకి పుట్టుకతోనే హిమోక్రొమటోసిస్ ఉందని, అంటే ఒంట్లో ఇనుము అవసరానికి మించి పేరుకుపోయే జబ్బు, అది ఉన్నట్టు ఆయనకీ తెలియదు. లాక్కోవడం చేతకాని బ్యాక్టీరియాకి ఆ ఒంట్లో ఇనుము లాక్కోకుండానే దొరికి ఉంటుందని, అందుకే అది ప్రాణం తీసేంత పెరిగి ఉంటుందని భావిస్తున్నారు.

ఇది రక్తం సంగతి. పేగులో ఇంత తీవ్రంగా ఉండదు గానీ సూత్రం అదే. అక్కడుండే బ్యాక్టీరియా అన్నిటికీ ఇనుము మీద ఒకే ఆకలి ఉండదు. పెరుగులో కూడా ఉండే, మంచివని పేరున్న లాక్టోబాసిల్లస్ జాతులు ఇనుము దాదాపు లేకుండానే బతికేస్తాయి, చాలా పనులకి మాంగనీస్‌తో సరిపెట్టుకుంటాయి. ఈ.కోలై, సాల్మొనెల్లా కుటుంబం మాత్రం ఇనుము ఎంత దొరికితే అంత పెరుగుతుంది. తల్లిపాలల్లో ఇనుము చాలా తక్కువ, పైగా ఉన్నదాన్ని పట్టుకునే లాక్టోఫెరిన్ పుష్కలంగా ఉంటుంది. పాలు తాగే పసిబిడ్డ పేగులో మేలుచేసే బిఫిడోబ్యాక్టీరియా రాజ్యమేలడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి, పాలలోని ప్రత్యేకమైన చక్కెరలు ఇంకొకటి.

మరి అలాంటి పేగులోకి ఒక్కసారిగా ఇనుము పోస్తే? పశ్చిమ ఆఫ్రికా దేశమైన కోట్ డివార్‌లో బడి పిల్లలకి ఆరు నెలల పాటు ఇనుము కలిపిన బిస్కెట్లు ఇచ్చి చూశారు, ఫలితాలు 2010లో వచ్చాయి. రక్తహీనత తగ్గలేదు, కానీ పేగులో ఈ.కోలై కుటుంబం పెరిగింది, లాక్టోబాసిల్లస్ తగ్గింది, పేగు వాపును సూచించే ప్రోటీన్ కాల్‌ప్రొటెక్టిన్ కూడా పెరిగింది. కెన్యాలో పసిపిల్లలకి ఇనుమున్న పోషకాల పొడి ఇచ్చినప్పుడూ ఇంచుమించు ఇదే కనబడింది, రోగాన్ని కలిగించే ఈ.కోలై రకాలతో సహా. ఇది చదివి పిల్లలకి ఐరన్ మానేయమని ఎవరూ అనుకోకండి, దయచేసి. రక్తహీనత పిల్లల ఎదుగుదలని, మెదడుని దెబ్బతీస్తుంది, దాన్ని వదిలేయడం ఇంతకంటే పెద్ద తప్పు. నాకు ఇందులో బాగా నచ్చిన విషయం ఆ తర్వాత జరిగింది: అదే కెన్యాలో 2017 నాటి అధ్యయనంలో ఇనుముతో పాటు బిఫిడోబ్యాక్టీరియాకి ఆహారమయ్యే ఒక రకం పీచును కూడా కలిపి ఇస్తే పేగులో ఆ చెడు మార్పులు చాలావరకు రాలేదు. ఒకరికి అదనంగా వడ్డించాల్సి వస్తే రెండోవాళ్లకి కూడా వడ్డించడం, ఎంత సులువైన ఉపాయమో.

జింక్ కథ చిన్నది. పైన చెప్పిన కాల్‌ప్రొటెక్టిన్ చేసే పనే జింక్‌ను, మాంగనీస్‌ను బ్యాక్టీరియాకి అందకుండా పట్టుకోవడం, మన తెల్ల రక్తకణాలు దాన్ని మోసుకుని తిరుగుతాయి. విరేచనాలయ్యే పిల్లలకి కొన్నాళ్లు జింక్ ఇస్తే త్వరగా తేరుకుంటారు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు కూడా. అలాగని ఎంతైనా మంచిదే అనుకోకూడదు, ఎలుకలకి ఆహారంలో జింక్ మరీ ఎక్కువ పెట్టినప్పుడు క్లాస్ట్రీడియం డిఫిసిల్ అనే మొండి పేగు ఇన్‌ఫెక్షన్ ఇంకా ముదిరింది.

ఉప్పు గురించి అందరూ బీపీ వైపు నుంచే మాట్లాడతారు. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు పన్నెండు మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి మామూలు తిండికి తోడు రోజుకి ఆరు గ్రాముల ఉప్పు పద్నాలుగు రోజులు ఇచ్చారు. బీపీ పెరిగింది, అది ఊహించిందే, కానీ పేగులో లాక్టోబాసిల్లస్ కూడా బాగా తగ్గిపోయింది. ఎలుకల్లో అయితే ఆ బ్యాక్టీరియాను తిరిగి ఇచ్చినప్పుడు ఉప్పు వల్ల పెరిగిన బీపీ తగ్గింది. పన్నెండు మందితో ఏదీ తేల్చేయలేం, అయినా ఉప్పు చెడు చేసే దారుల్లో ఒకటి పేగు మీదుగా పోతోందన్న అనుమానం నాకైతే సబబుగానే అనిపిస్తోంది.

నికెల్ ఇంకా వింత. మన సొంత ఎంజైముల్లో దేనికీ నికెల్ కావాలని ఇంతవరకు తేలలేదు. కానీ కడుపులో అల్సర్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీకి అది లేకపోతే గడవదు. అంత యాసిడ్‌లో అది బతికేది యూరియేజ్ అనే ఎంజైముతో, ఆ ఎంజైము పనిచేసే చోట ఉండేవి నికెల్ పరమాణువులే. తిండిలో వచ్చే ఆ కాస్త నికెల్ అంటే మనకి లెక్కలోది కాదు, దానికి ప్రాణాధారం.

లాభం అటునుంచి ఇటు కూడా వస్తుంది. పీచును పులియబెట్టే బ్యాక్టీరియా కొన్ని ఆమ్లాలను వదులుతాయి, వాటివల్ల పెద్దపేగులో కాల్షియం కరిగి, మామూలుగా పోవాల్సింది కూడా కొంత ఒంటికి పడుతుంది. ఎదిగే వయసు పిల్లలకి ఏడాది పాటు రోజుకి ఎనిమిది గ్రాముల ఇన్యులిన్ రకం పీచు ఇచ్చిన అధ్యయనంలో కాల్షియం పట్టడం పెరిగింది, ఎముకలూ గట్టిపడ్డాయి. తినే కాల్షియం పెంచకుండానే.

ఇక మళ్లీ ఐరన్ మాత్ర. ఒక డోసు వేసుకోగానే హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజు అలాగే ఉంటుంది, కాబట్టి మర్నాటి మాత్రలో ఇనుము ఇంకా తక్కువ పడుతుంది, ఇంకా ఎక్కువ కిందికి పోతుంది. ఇనుము నిల్వలు తగ్గిన స్త్రీలలో 2017లో పోల్చి చూస్తే రోజూ వేసుకున్నవాళ్లకి 16.3 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లకి 21.8 శాతం పట్టింది. మొత్తం మీద మింగిన మాత్రలు అన్నే, ఒంటికి చేరింది ఎక్కువ, పెద్దపేగుకి పోయింది తక్కువ. గర్భిణులకి, రక్తం మరీ తక్కువైనవాళ్లకి ఇది వర్తించకపోవచ్చు, వాళ్ల డోసు డాక్టరే చెప్పాలి. మిగతావాళ్లు మాత్రం ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించుకుని, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని ఒక మాట అడిగి చూడండి.