ఎల్‌డీ బాడీలు, డోనవన్ బాడీలు: రెండు పేర్ల వెనుక మద్రాసు కథ

పాథాలజీ రిపోర్టులో ‘ఎల్‌డీ (లీష్మన్-డోనవన్) బాడీలు ఉన్నాయి’ అని రాస్తే అది కాలా అజార్ అనే జ్వరవ్యాధి. ‘డోనవన్ బాడీలు ఉన్నాయి’ అని రాస్తే అది డోనవనోసిస్ అనే సుఖవ్యాధి. మొదటిదానికి కారణం శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టడంతో ఒంట్లోకి వచ్చి ప్లీహం, కాలేయం, ఎముక మజ్జల్లో పెరిగే పరాన్నజీవి. రెండోదానికి కారణం బ్యాక్టీరియా. జననాంగాల దగ్గర నొప్పి లేకుండా, తాకితే రక్తం వచ్చే పుండు పడుతుంది. మందులకూ పొంతన లేదు. మన దేశంలో కాలా అజార్‌కు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి ఇస్తారు, కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒకే మోతాదు. డోనవనోసిస్‌కు అజిత్రోమైసిన్, వారానికి 1 గ్రాము చొప్పున కనీసం 3 వారాలు, పుండు పూర్తిగా మానేదాకా వాడాలి. ముందే ఆపేస్తే తిరగబెడుతుంది.

రెండు పేర్లలోనూ ఉన్న డోనవన్ ఒకరే. వైద్య విద్యార్థులను ఏటా తికమక పెట్టే ఈ పేర్లు ఎలా వచ్చాయో తెలియాలంటే 1900 నాటి ఇంగ్లాండుకు వెళ్లాలి.

కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో జ్వరం సోకిన ఒక సైనికుడు ఆ ఏడాది ఇంగ్లాండులోని నెట్లీ సైనిక ఆసుపత్రిలో చనిపోయాడు. అతని ప్లీహం నుంచి తీసి గాజు పలకపై పల్చగా పూసిన నమూనాను (స్మియర్‌ను) సైనిక వైద్యుడు విలియం బూగ్ లీష్మన్ చూశారు. కణాల నిండా 2, 3 మైక్రాన్ల గుండ్రటి, కోలటి రూపాలు కనిపించాయి. ఒక్కోదానిలో పెద్ద కేంద్రకం, పక్కనే చిన్న పుల్లలాంటి ముక్క. అవేమిటో ఆయనకు తేలలేదు. ఆ తర్వాత ట్రిపనోసోమ్‌లు అనే రక్త పరాన్నజీవులు సోకి చచ్చిన ఎలుకలో అలాంటి రూపాలే కనిపించాకే ధైర్యం చేసి, ఇవి శిథిలమైన ట్రిపనోసోమ్‌లు కావచ్చని 1903 మే 30న బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశారు. చూపు సరైనదే గాని, నిర్ధారణ తప్పు.

ఆ చూపుకు దారి చేసింది స్లైడ్లకు ఆయన తయారుచేసిన రంగే. మన ల్యాబుల్లో టెక్నీషియన్లు రోజూ వాడే లీష్మన్ స్టెయిన్ అదే. ఎసిటోన్ లేని మిథనాల్ 100 మిల్లీలీటర్లలో 0.15 గ్రాముల పొడి కలుపుతారు. ఆరిన స్మియర్‌పై పోసి రెండు నిమిషాలు ఉంచితే మిథనాల్ కణాలను గాజుకు పట్టిస్తుంది. తర్వాత పీహెచ్ 6.8 వద్ద నిలకడగా ఉండే బఫర్ నీళ్లు రెట్టింపు పోసి 8 నుంచి 10 నిమిషాలు ఆగాలి. అసలు రంగు ఎక్కేది ఈ దశలోనే. నీళ్లలో ఆమ్లం ఎక్కువైతే స్లైడు ఎర్రబడి కేంద్రకాలు వెలవెలబోతాయి, క్షారం ఎక్కువైతే అంతా నీలం. బఫర్ బదులు కుళాయి నీళ్లు పోసేచోట పుల్లలాంటి ఆ ముక్క, అంటే కైనెటోప్లాస్ట్, సరిగ్గా తేలదు. అది కనిపించకుండా లీష్మానియా అని రాయకూడదు. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా అదే సైజులో కణాల లోపలే ఉంటుంది, దానికి కైనెటోప్లాస్ట్ ఉండదు.

ఇక మద్రాసు. కలకత్తాలో పుట్టి, ఐర్లాండులో చదివి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన చార్లెస్ డోనవన్ అప్పటికి మద్రాసు వైద్య కళాశాలలో అధ్యాపకుడు. మృతదేహాల ప్లీహాల్లో ఈ రూపాలను ఆయన అంతకుముందే చూశారు. లీష్మన్ వ్యాసం చదివాక, 1903 జూన్ 17న జ్వరంతో ఉన్న 12 ఏళ్ల పిల్లవాడి ప్లీహంలోంచి సూదితో రక్తం తీసి చూస్తే అవే రూపాలు. బతికున్న మనిషిలో దొరికాయి కాబట్టి ఇవి చచ్చి శిథిలమైనవన్న వాదన అక్కడితో పోయింది. ఆ సంగతి జులై 11న అదే పత్రికలో అచ్చయింది.

ప్లీహంలో సూది గుచ్చడం ఇప్పటికీ ప్రమాదమే. ప్లేట్‌లెట్లు 40,000 కంటే తక్కువ ఉన్నా, ప్రోత్రాంబిన్ సమయం (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) సాధారణం కంటే 5 సెకన్లు మించినా చేయకూడదు, లోపల రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ముందు వేలి రక్తంతో యాంటీబాడీలను పట్టే ఆర్‌కే-39 స్ట్రిప్ పరీక్ష చేస్తారు. అయితే నయమయ్యాక కూడా అది నెలల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. జబ్బు తిరగబెట్టిందో లేదో తేల్చేది మళ్లీ స్లైడే. మైక్రోస్కోపు కింద 1000 ఫీల్డులు (ఒక్కసారికి కనిపించేంత మేర) వెతికాక గాని ‘లేదు’ అని రాయరు.

ఎవరు ముందు అన్న తగువు వెంటనే మొదలైంది. డోనవన్ తన స్లైడ్లను పారిస్‌లోని పరాన్నజీవుల నిపుణుడు లావెరాన్‌కూ, రొనాల్డ్ రాస్‌కూ పంపారు. లావెరాన్, ఆయన సహచరుడు మెస్నిల్ కలిసి, అప్పటికే తెలిసిన పైరోప్లాస్మా అనే పరాన్నజీవుల ప్రజాతిలో చేర్చి పైరోప్లాస్మా డోనోవానీ అని పేరు పెట్టారు. 1903 నవంబరులో రాస్ ఇది పైరోప్లాస్మా కాదని, కొత్త ప్రజాతి అని చెప్పి ‘లీష్మానియా’ అన్నారు. రెండూ కలిసి లీష్మానియా డోనోవానీ అయింది. సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రాస్, అస్సాంలో కాలా అజార్‌ను పరిశీలించి అది మలేరియా రకమేనని అంతకు నాలుగేళ్ల ముందే తేల్చేశారు. అలా పొరబడిన మనిషే చివరికి దాని పేరును స్థిరపరిచారు.

డోనవన్ 1905లో మద్రాసులోనే ఇంకో రకం పుండులో, పెద్ద కణాల లోపల, రెండు కొసలూ ముదురుగా రంగెక్కి పిన్నీసులా కనిపించే రూపాలను వర్ణించారు. వాటినీ పరాన్నజీవులే అనుకున్నారు. అవి బ్యాక్టీరియా అని తర్వాత తేలింది. కొంతకాలం దానికి డోనోవానియా అని ప్రజాతి పేరు ఉండేది, ఇప్పుడది క్లెబ్సియెల్లా గ్రాన్యులోమాటిస్. క్రిమి పేరు మారినా జబ్బు పేరు మిగిలింది. కోస్తా ఆంధ్ర, ఒడిశా, తమిళనాడు తీరంలో ఒకప్పుడు బాగా కనిపించిన జబ్బు కాబట్టి మన చర్మవ్యాధి నిపుణులకు అది కేవలం పుస్తకం మాట కాదు.

మనుషుల పేర్లున్న జబ్బులకు కొత్త పేర్లు పెట్టాలన్న వాదన కొన్ని దశాబ్దాలుగా నడుస్తోంది. నాజీ పార్టీతో సంబంధం బయటపడ్డాక, 2011లో ఒక రక్తనాళాల జబ్బుకు ఉన్న జర్మన్ వైద్యుడు వెజెనర్ పేరు తీసేసి ‘గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలియాంజైటిస్’ అనాలని వైద్య సంఘాలు సూచించాయి. కొత్త జబ్బులకు మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పాతవాటిని మాత్రం ముట్టుకోలేదు. వెజెనర్ లాంటి సందర్భం వేరు. రిపోర్టుల వరకైతే తక్షణం చేయదగ్గది చిన్నదే: ‘ఎల్‌డీ బాడీలు’ అనకుండా ‘లీష్మానియా అమాస్టిగోట్లు’ (కణాల లోపల కనిపించే ఆ గుండ్రటి రూపాల పేరు) అని రాయడం.

పరాన్నజీవి పేరును మాత్రం అలా మార్చలేరు. జంతునామ నియమావళి ప్రకారం ముందు చూసినవారిది కాదు, ముందు సరిగ్గా పేరు పెట్టి ప్రచురించినవారిది చెల్లుతుంది. చర్మంపై పుండు వేసే లీష్మానియాను 1885లోనే కలకత్తాలో కనింగ్‌హామ్ చూశారు. 1898లో తాష్కెంట్‌లో బొరోవ్‌స్కీ అది ప్రోటోజోవా అని స్పష్టంగా రాశారు, కానీ పేరు పెట్టలేదు. రాసింది రష్యన్‌లో కావడంతో పశ్చిమ దేశాలకు దశాబ్దాలపాటు తెలియలేదు. 1903లో బోస్టన్‌లో రైట్ అనే వైద్యుడు పెట్టిన ‘ట్రోపికా’ అన్న జాతి పేరే నిలిచింది. రష్యన్ వైద్య పుస్తకాల్లో మాత్రం ఆ చర్మవ్యాధి బొరోవ్‌స్కీ వ్యాధే.